లెక్కకు రాని మనిషి

(మదనపల్లెలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. చెప్పిందే మళ్ళీ చెప్పిన ఒకటి రెండు చోట్ల మాత్రం కుదించాం.)

కూర్చోండమ్మా, కూర్చోండి. వెనకాల గోడకానుకుని నిలబడ్డవాళ్ళు ముందుకు రండి. ముందు వరస పెద్దవాళ్ళకని వదిలేసినట్టున్నారు. ఇవాళ పెద్దవాళ్ళెవరూ రాలేదు, నేనొక్కదాన్నే. (నవ్వులు)

ఇందాక తెర మీద వేసిన సినిమా ముక్క చూశారు కదా. మూగ సినిమా, నలుపు తెలుపు. గుర్రాలు మలుపు తిరిగి వస్తాయి, ఏదో కింద పడుతుంది, జనం కంచె దాటి పరిగెడతారు. ఆ ముక్కలో ఆ మనిషి ఎంతమందికి కనబడింది? చేతులెత్తండి. చూశారా, సగం మందికి కూడా కనబడలేదు. సిగ్గుపడక్కర్లేదు, మొదటిసారి నాకూ కనబడలేదు. గుర్రాన్నే చూశాను. ఎక్కడ చూడాలో తెలిస్తేనే ఆవిడ కనబడుతుంది.

ఆవిడ పేరు ఎమిలీ వైల్డింగ్ డేవిసన్. ఇంగ్లండులో ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడిన మనిషి. మీరు చూసింది 1913 జూన్ 4, బుధవారం మధ్యాహ్నం. ఇంగ్లండులో సర్రే ప్రాంతంలో ఎప్సమ్ అనే ఊరు, అక్కడ డెర్బీ పందెం. మన హైదరాబాదు మలక్‌పేటలో కూడా డెర్బీ అనే మాట వింటారు, ఆ మాట పుట్టిల్లు ఎప్సమ్. అక్కడ రాజుగారు, రాణిగారు, లార్డులు ఒకవైపు స్టాండులో కూర్చుంటే, మిగతా జనం మైదానం మీద చేరతారు. బండ్ల మీద, కాలినడకన, రైళ్ళలో లక్షల్లో వస్తారు. పందెం చూడటానికని కొందరు, తినడానికి తాగడానికి కొందరు. తిరణాల అనుకోండి. ఆ ఒక్కరోజు దేశంలో అన్ని తరగతుల మనుషులూ ఒకేచోట ఉంటారు. సినిమా కెమెరాలు కూడా ఉంటాయి. ఆ సంవత్సరం మూడు కెమెరాలు ఈ సంగతిని పట్టుకున్నాయి. అందుకే నూరేళ్ళు దాటాక మదనపల్లెలో కూర్చుని మనం చూడగలుగుతున్నాం.

పరుగు మైలున్నర. చివరి సరళరేఖలోకి వచ్చే ముందు ఒక మలుపు ఉంటుంది, టాటెన్‌హామ్ కార్నర్ అంటారు. అక్కడ రెయిలింగు పక్కన ఈవిడ నిలబడి ఉంది. వయసు నలభై. ముందున్న గుర్రాలు దాటిపోయాయి. ఈవిడ రెయిలింగు కిందనుంచి వంగి లోపలికి వచ్చింది. వెనకబడ్డ గుంపులో ఒక గుర్రం ముందుకు వెళ్ళి చెయ్యి పైకెత్తింది. ఆ గుర్రం పేరు అన్మర్. అది ఐదో జార్జి రాజుగారి గుర్రం. గంటకు యాభై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వస్తోంది. గుర్రం, జాకీ, ఈవిడ ముగ్గురూ నేలమీద పడ్డారు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. తల ఎముక అడుగున చిట్లింది. ఎప్సమ్‌లోనే ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేశారు. స్పృహ రాలేదు. జూన్ 8న, ఆదివారం, చనిపోయింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథ. ఈ కథ చెప్పగానే ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటే. చావాలనే వెళ్ళిందా? నలభై ఏళ్ళు బతికిన మనిషిని ఆ నాలుగు సెకన్లతోనే తూచేస్తాం. ఆ ప్రశ్నకు తర్వాత వస్తాను, ఎగ్గొట్టను. ముందు వెనక్కి వెళదాం.

1872లో లండన్ శివారు బ్లాక్‌హీత్‌లో పుట్టింది. అమ్మానాన్నల సొంత ప్రాంతం ఉత్తరాన నార్తంబర్లాండ్. బాగా చదివే పిల్ల. రాయల్ హాలోవే కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరింది. చదువు మధ్యలో ఉండగా 1893లో తండ్రి పోయాడు. టర్ముకు ఇరవై పౌన్ల ఫీజు అమ్మ కట్టలేకపోయింది. మానేసింది. ఈ కథ వేరే పేర్లతో మీలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది, నేను విడిగా చెప్పక్కర్లేదు. డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పిల్లలకు చదువు చెబుతూ, రాత్రిళ్ళు తను చదువుకుంటూ, డబ్బు కూడబెట్టి ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ హ్యూస్ కాలేజీలో ఒక టర్ము చదివింది. 1895లో ఇంగ్లీషు పరీక్షల్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది.

డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకు డిగ్రీ ఇవ్వదు. పాఠం వినొచ్చు, పరీక్ష రాయొచ్చు, ఫస్టు రావచ్చు. పట్టా మాత్రం ఉండదు. 1920 దాకా ఇదే పద్ధతి. కేంబ్రిడ్జి అయితే మనకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1948లో మొదలుపెట్టింది. నేను చదువుకునే రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పేర్లు చెప్పేటప్పుడు మా సార్లు గొంతు కాస్త తగ్గించేవారు, గుడి పేరు చెప్పినట్టు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అంటే చూడండి, ఈవిడకు మొదటిసారి 'నువ్వు లెక్కలో లేవు' అని చెప్పింది పార్లమెంటు కాదు, యూనివర్సిటీ. ఆ తర్వాత పట్టుబట్టి లండన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తెచ్చుకుంది, 1908లో. అప్పటికి ముప్పై ఐదేళ్ళు దాటాయి.

1906లో ఉద్యమంలో చేరింది. అప్పటికి మూడేళ్ళ ముందు, మాంచెస్టర్‌లో ఎమలీన్ పాంక్‌హర్స్ట్ అనే ఆవిడ కూతుళ్ళతో కలిసి ఒక సంఘం పెట్టింది. వాళ్ళ నినాదం 'మాటలు కాదు, చేతలు'. అంతకుముందు నలభై ఏళ్ళ నుంచి ఆడవాళ్ళు మర్యాదగా ఓటు అడుగుతూనే ఉన్నారు. అర్జీలు, సంతకాలు, సభలు. పార్లమెంటులో బిల్లు వస్తుంది, చర్చ జరుగుతుంది, పక్కకు పోతుంది. విసిగిపోయిన ఆడవాళ్ళు కొందరు రోడ్డెక్కారు. డైలీ మెయిల్ పత్రిక వాళ్ళను ఎగతాళి చేస్తూ 'సఫ్రజెట్' అని పేరు పెట్టింది. వీళ్ళు ఆ పేరునే తీసుకుని తమ పత్రికకు పెట్టుకున్నారు. తిట్టును తీసుకుని బొట్టుగా పెట్టుకోవడం అంటే ఇదే.

అదే 1906లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి లండన్ వెళ్ళారు. ఈ ఆడవాళ్ళు జరిమానా కట్టకుండా జైలుకు వెళ్ళడం చూసి ముచ్చటపడి తన పత్రిక ఇండియన్ ఒపీనియన్‌లో రాశారు. తర్వాత వీళ్ళు అద్దాలు పగలగొట్టడం మొదలుపెట్టాక ఆయనకు నచ్చలేదు. అది వేరే కథ.

ఎమిలీ ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఇందులో దిగింది. మొత్తం తొమ్మిదిసార్లు అరెస్టయింది. ఏడుసార్లు జైల్లో నిరాహార దీక్ష చేసింది. నలభై తొమ్మిది సార్లు బలవంతంగా తిండి పెట్టారు.

బలవంతంగా తిండి పెట్టడం అంటే ఏంటో చెప్పాలి. మనకు నిరాహార దీక్ష అనగానే పొట్టి శ్రీరాములు గారు గుర్తొస్తారు, ప్రాణం పోయేదాకా చూస్తూ ఉండిపోయిన ప్రభుత్వం గుర్తొస్తుంది. అక్కడి ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. 1909 సెప్టెంబరు నుంచి మొదలుపెట్టారు. నలుగురైదుగురు వార్డర్లు కలిసి మనిషిని మంచానికో కుర్చీకో అదిమి పట్టుకుంటారు. డాక్టరు ముక్కులోంచో నోట్లోంచో రబ్బరు గొట్టం కడుపులోకి దించుతాడు. పళ్ళు బిగబడితే ఇనప పనిముట్టుతో విడదీస్తారు. గొట్టంలో పాలు, గుడ్డు కలిపి పోస్తారు. వాంతయితే అయింది. మర్నాడు మళ్ళీ. ఒకసారి జరిగితేనే మనిషి ఏమైపోతుందో ఊహించండి. నలభై తొమ్మిది సార్లు.

1909 అక్టోబరులో మాంచెస్టర్ జైల్లో ఉన్నప్పుడు ఈవిడ గదిలోని పడుకునే బల్లలు తలుపుకు అడ్డంపెట్టి లోపల కూర్చుంది, మళ్ళీ గొట్టం తీసుకురాకుండా. వాళ్ళు కిటికీలోంచి నీళ్ళ గొట్టం లోపలికి పెట్టి వదిలారు. చలికాలం మొదలవుతున్న రోజులు, చన్నీళ్ళు, ఒంటికి సూటిగా. గది మడుగైంది. చివరికి తలుపు విరగ్గొట్టారు. ఈవిడ ఏం చేసిందో తెలుసా? బయటికి వచ్చాక కోర్టులో కేసు వేసింది. గెలిచింది! జడ్జి నలభై షిల్లింగులు నష్టపరిహారం ఇప్పించాడు. అంటే రెండు పౌన్లు. డబ్బు చిన్నదే. కానీ జైలు అధికారుల మీద ఒక ఖైదీ కేసు గెలవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నాకు ఎమిలీ గురించి ఏది ఇష్టం అంటే ఇదే చెబుతాను, గుర్రం సంగతి కాదు.

ఇంకోటి ఉంది. ఇది చెప్పడానికే నిజానికి వచ్చాను.

1911 ఏప్రిల్ 2, ఆదివారం రాత్రి బ్రిటన్‌లో జనాభా లెక్కలు. ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉంటే అక్కడ వాళ్ళ పేరు ఫారంలో రాయాలి. ఓటు అడిగే ఆడవాళ్ళు దీన్ని పట్టుకున్నారు. మమ్మల్ని మనుషులుగా లెక్కపెట్టరు కదా, మరి మీ లెక్కల్లో మేమెందుకు ఉండాలి? తెలుగులో చెబితే ఇంకా బాగుంటుంది ఈ మాట. 'లెక్కచేయరు, లెక్కెందుకు?' అని. చాలామంది ఆ రాత్రి ఇళ్ళల్లో లేకుండా పార్కుల్లో, రోడ్లమీద, స్కేటింగ్ హాళ్ళలో తెల్లవార్లూ గడిపారు. కొందరు ఫారం మీదే అడ్డంగా రాసి ఇచ్చేశారు.

అలా రాసినవాళ్ళలో ఒకావిడ సోఫియా దులీప్ సింగ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. పంజాబు ఆఖరి మహారాజు దులీప్ సింగ్ కూతురు. ఆయన చిన్నపిల్లాడిగా ఉండగా ఇంగ్లీషువాళ్ళు రాజ్యంతోపాటు తీసుకున్న కోహినూరు మన గుంటూరు వైపు కొల్లూరు గనుల్లో దొరికిందనే చెప్పుకుంటాం. ఆ వజ్రం విక్టోరియా రాణి దగ్గరికి చేరింది. ఆ రాణే సోఫియాకు జ్ఞానమాత. సోఫియా ఉండేది హాంప్టన్ కోర్టు అనే రాజభవనం దగ్గర, ఆ రాణిగారిచ్చిన ఇంట్లో. ఆ రాజభవనం బయటే నిలబడి సఫ్రజెట్ పత్రిక అమ్మేది! ఆవిడ జనాభా లెక్కల ఫారం మీద రాసింది, ఆడవాళ్ళు లెక్కలోకి రారు కనక లెక్కపెట్టించుకోవడానికి ఒప్పుకోవడం లేదు అని.

ఎమిలీ ఏం చేసిందంటే, ఏకంగా పార్లమెంటుకు వెళ్ళింది. వెస్ట్‌మిన్‌స్టర్ భవనం కింద ఒక ప్రార్థనా మందిరం ఉంది. అందులో చీపుర్లు అవీ పెట్టుకునే చిన్న గది. సందర్శకులతోపాటు లోపలికి వెళ్ళి అందులో దూరి దాక్కుంది. మొత్తం నలభై ఆరు గంటలు. తర్వాత తుడవడానికి వచ్చిన మనిషికి దొరికింది. పోలీసులు వచ్చారు, కేసు లేకుండా వదిలేశారు.

ఎందుకు దాక్కుంది? లెక్క తప్పించుకోవడానికి మాత్రమే అయితే వేరే చోట్లు చాలా ఉన్నాయి. జనాభా లెక్కల రాత్రి నా చిరునామా ఏమిటంటే హౌస్ ఆఫ్ కామన్స్ అని చెప్పుకోవడానికి. మగవాళ్ళు మాత్రమే కూర్చునే సభ. ఎంత తెలివైన ఆలోచన! ఒక్క రాయి వెయ్యలేదు, ఒక్క అద్దం పగలలేదు.

దీంట్లో ఒక తమాషా ఉంది. పార్లమెంటు అధికారులు ఆవిడ పేరును ఆ భవనం ఫారంలో రాసేశారు, ఇక్కడ దాక్కుని దొరికింది అని. ఆవిడ అద్దెకున్న ఇంటి యజమానురాలు కూడా, పాపం మామూలుగానే, తన ఇంటి ఫారంలో ఎమిలీ పేరు రాసేసింది. లెక్కలోకి రానని పంతం పట్టిన మనిషిని రెండుసార్లు లెక్కపెట్టారు. (నవ్వులు) 1991లో టోనీ బెన్ అనే ఎంపీ ఆ చీపుర్ల గదిలో ఒక ఫలకం తనే బిగించాడు.

సరే. ఇంతా చెప్పి, చెయ్యకూడనివి చెప్పకపోతే నేను చరిత్ర చెప్పినట్టు కాదు. 1911 డిసెంబరులో పోస్టు డబ్బాలకు నిప్పు పెట్టింది. ఆరునెలల శిక్ష పడింది. అందులో ఎవరి ఉత్తరాలున్నాయి? ఎవరో కూలిమనిషి అమ్మకు పంపిన డబ్బు ఉండొచ్చు. 1912 నవంబరులో అబర్డీన్ స్టేషన్లో మంత్రి లాయిడ్ జార్జ్ అనుకుని ఒకాయన్ని కొరడాతో కొట్టింది. ఆయన లాయిడ్ జార్జ్ కాదు, ఒక చర్చి పాస్టరు. ఆయనకేం తెలుసు పాపం, రైలెక్కడానికి వచ్చాడు. 1913 ఫిబ్రవరిలో లాయిడ్ జార్జ్ కోసం కడుతున్న ఇంట్లో బాంబు పేలింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. దాంట్లో ఈవిడ చెయ్యి ఉందని అనుకునేవాళ్ళు. బాధ్యత మాత్రం పాంక్‌హర్స్ట్ నెత్తిన వేసుకుంది. ఆవిడకు మూడేళ్ళ శిక్ష పడింది.

ఈలోగా 1912 జూన్. లండన్‌లో హాలోవే జైలు. చుట్టూ గదుల్లో ఆడవాళ్ళకు గొట్టాలతో తిండి పోస్తున్న చప్పుడు వినబడుతోంది. ఎమిలీ పై అంతస్తు వరండా కటకటాల మీదనుంచి కిందికి దూకింది. మధ్యలో వల ఉంది, దాంట్లో పడింది. లేచి మళ్ళీ ఆ వల మీదనుంచి ఇనప మెట్ల మీదికి దూకింది. తలకు, వెన్నుకు దెబ్బలు తగిలాయి. తర్వాత తనే రాసింది, ఒక పెద్ద విషాదం జరిగితే మిగతావాళ్ళు బయటపడతారేమో అనుకున్నానని. ఆ దెబ్బలతో ఉండగానే ఆ జైల్లో మళ్ళీ గొట్టం పెట్టారు.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న. చావాలని వెళ్ళిందా?

జైల్లో దూకిన సంగతి తెలిసినవాళ్ళు అవునంటారు. ఇంకొందరు కాదంటారు. ఆవిడ దగ్గర దొరికిన వస్తువుల్లో లండన్‌కు తిరుగు టికెట్టు ఉంది. ఆ రాత్రి జరగబోయే సఫ్రజెట్ల వేడుకకు టికెట్టు ఉంది. ఫ్రాన్సులో ఉన్న తోడబుట్టినావిడ దగ్గరికి వెళ్ళాలనే ఏర్పాటు ఉంది. దానికి జవాబుగా ఇంకొకరు, డెర్బీ రోజు రైల్లో రానూపోనూ కలిపే టికెట్టు అమ్ముతారు కాబట్టి ఆ టికెట్టు దేనికీ సాక్ష్యం కాదంటారు. ఇది కోర్టు వాదనలాగా నూరేళ్ళ నుంచి నడుస్తోంది. కోటు లోపల రెండు జెండాలు పిన్నులతో పెట్టుకుని ఉంది, వాళ్ళ ఉద్యమం రంగులు, ఊదా, తెలుపు, ఆకుపచ్చ. 2013లో ఒక టీవీ చానెల్ వాళ్ళు ఆ పాత ఫిల్ములను శుభ్రం చేసి, మూడు కెమెరాలూ సరిపోల్చి చూశారు. ముందు అనుకున్నదాని కంటే ఆవిడకు గుర్రాలు బాగా కనబడే చోటే నిలబడిందని, గుర్రం కళ్ళేనికి ఏదో తగిలించబోయిందని తేల్చారు. రాజుగారి గుర్రం మెడలో తమ రంగులతో గమ్యం దాటాలి. అదే ఆలోచన అయితే, మళ్ళీ పార్లమెంటు చీపుర్ల గది ఆలోచనలాంటిదే. మీ ఫారంలో నా పేరు. మీ గుర్రం మీద నా జెండా.

నా మటుకు నాకు అనిపించేది చెబుతాను. చావడానికి వెళ్ళలేదు. చావొచ్చని తెలిసి వెళ్ళింది. ఈ రెండింటికీ మధ్య తేడా ఉంది. కరెంటు స్తంభం ఎక్కే మనిషి చావడానికి ఎక్కడు. కరోనర్ విచారణలో, అంటే మామూలుగా జరగని చావుల మీద అధికారి జరిపే విచారణలో కూడా, పొరపాటున జరిగిన మరణమనే తేల్చారు.

ఆ రోజుల్లో జనం ఏమన్నారో చూడాలి. రాజుగారు డైరీలో పాపం జాకీ హెర్బర్ట్ జోన్స్, గుర్రం అన్మర్ ఎగిరిపడ్డారని రాసుకున్నారు. చాలా నిరాశపరిచిన రోజు అని కూడా రాశారు. రాజుగారి తల్లి అలెగ్జాండ్రా రాణిగారు జాకీకి టెలిగ్రాము పంపారు, త్వరగా కోలుకోవాలని. ఆ టెలిగ్రాములో ఈవిడను కిరాతకపు పిచ్చి ఆడమనిషి అన్నారు. ఎమిలీ తెలివిలేకుండా పడి ఉన్న ఆసుపత్రికి బూతు ఉత్తరాలు వచ్చాయి. అమ్మ దగ్గర్నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది. ఇంత పని చేశావా, నమ్మలేకపోతున్నాను అని. ఆ ఉత్తరం చదివే స్థితి ఎమిలీకి లేదు. అందరికంటే ఆ ఉత్తరమే నన్ను ఇబ్బంది పెడుతుంది. రాణిగారి టెలిగ్రాముకు కోపం వస్తుంది, అమ్మ ఉత్తరానికి ఏం వస్తుందో చెప్పలేను.

అంత్యక్రియలు జూన్ 14న. లండన్‌లో విక్టోరియా స్టేషన్ నుంచి కింగ్స్ క్రాస్ దాకా ఊరేగింపు. అయిదువేల మంది ఆడవాళ్ళు తెల్ల బట్టల్లో, నల్ల బట్టల్లో, ఊదా బట్టల్లో వరసలుగా నడిచారు. రోడ్లకు రెండువైపులా జనం. వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు, టోపీ తీసినవాళ్ళూ ఉన్నారు. వరసలో ఒక గుర్రబ్బండి ఖాళీగా నడిచింది. అది పాంక్‌హర్స్ట్‌ది. ఆవిడ బయల్దేరుతుండగా పోలీసులు పట్టుకున్నారు.

ఎందుకు పట్టుకున్నారంటే, ఆ సంవత్సరమే ఏప్రిల్లో ఒక చట్టం వచ్చింది. దాన్ని జనం పిల్లీ ఎలుకా చట్టం అన్నారు. నిరాహార దీక్షతో ఖైదీ చావుకు దగ్గరైతే వదిలేస్తారు. ఇంటికెళ్ళి రెండు ముద్దలు తిని కాస్త కోలుకోగానే మళ్ళీ పట్టుకొస్తారు. గొట్టం పెడుతున్నారని పత్రికలు రాసి పరువు తీస్తున్నాయి, అటు జైల్లో చచ్చిపోతే ఇంకా పరువుపోతుంది. అందుకని ఇది. పాంక్‌హర్స్ట్ అప్పుడు ఆ ఎలుక వంతులో ఉంది. సరిగ్గా పదిహేనేళ్ళ తర్వాత, 1928లో, అదే జూన్ 14న ఆవిడ చనిపోయింది. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకు ఇరవై ఒక్క ఏళ్ళకే ఓటు ఇచ్చే చట్టం ఆ తర్వాత మూడు వారాల్లోపే వచ్చింది. మధ్యలో 1918లో ముప్పై ఏళ్ళు నిండి, ఆస్తి అర్హతలు ఉన్నవాళ్ళకు మాత్రం ఇచ్చారు.

పాంక్‌హర్స్ట్ అంత్యక్రియలకు ఒక పూలదండ వచ్చింది. పాంక్‌హర్స్ట్, ఎమిలీ డేవిసన్ల జ్ఞాపకార్థం అని రాసి ఉంది. తెచ్చింది హెర్బర్ట్ జోన్స్. ఆ జాకీ! అంతకుముందు రెండు డెర్బీలు గెలిచిన మనిషి. డెర్బీ రోజున ఆయనకు తగిలిన దెబ్బలు చిన్నవే, కొద్దివారాల్లో మళ్ళీ గుర్రమెక్కాడు. కానీ ఆవిడ ముఖం వదలడం లేదని చెప్పుకున్నాడని అంటారు.

ఈ కథతో మదనపల్లెకు ఏం పని అంటారేమో. ఉంది. మార్గరెట్ కజిన్స్ పేరు మీకు జాతీయగీతం వల్ల తెలుసు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఊరు వచ్చి ఇక్కడి కాలేజీలో జనగణమన పాడితే, స్వరాలు రాసిపెట్టింది ఆవిడే అని ప్రతి ఆగస్టు పదిహేనుకు చెప్పుకుంటాం. బోర్డు మీద 'ఐరిష్ మహిళ, సంగీతం తెలిసిన మనిషి' అన్నంత వరకే. ఆవిడ సఫ్రజెట్ అని, 1910లో లండన్‌లో అద్దాలు పగలగొట్టి ఎమిలీ ఉన్న ఆ హాలోవే జైల్లోనే శిక్ష అనుభవించిందని, 1913లో డబ్లిన్‌లో మళ్ళీ అద్దాలు పగలగొట్టి జైలుకు వెళ్ళిందని ఎవరూ చెప్పరు. ఆ మనిషి 1915లో మన దేశం వచ్చింది. 1917 డిసెంబరులో మాంటేగు అనే మంత్రి మద్రాసు వచ్చినప్పుడు సరోజినీ నాయుడు నాయకత్వంలో ఆడవాళ్ళు వెళ్ళి ఓటు అడిగారు. ఆ బృందం తయారు కావడం వెనక ఈ మార్గరెట్ ఉంది. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది, ఆస్తి ఉన్నవాళ్ళకు మాత్రమే. అప్పుడు మన ప్రాంతం ఆ రాష్ట్రంలోదే. నిజాం వైపు ఆ మాట లేదు.

అందరికీ ఓటు 1951-52 ఎన్నికలతో వచ్చింది. అప్పుడేం జరిగిందో చూడండి. ఓటర్ల జాబితాలు తయారుచేసేటప్పుడు ఉత్తరాదిలో చాలా చోట్ల ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి, అంతే. పేరు లేకుండా రాయకూడదని ఎన్నికల కమిషన్ అంది. సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. మా నాయనమ్మ అయితే పేరు చెప్పింది కానీ, రాసుకోవడానికి వచ్చినాయన తప్పుగా రాసుకున్నాడు. బతికినన్నాళ్ళూ ఆ తప్పు పేరుతోనే ఓటేసింది. నేను దిద్దించమంటే, 'వేలిముద్ర నాదే కదమ్మీ' అనేది.

టైము అయిపోయిందంటున్నారు. ప్రశ్నలుంటే రెండు మూడు తీసుకుంటాను.

(ఒక విద్యార్థి: పోస్టు డబ్బాలు తగలబెట్టడం, కొరడాతో కొట్టడం, ఇవి కూడా పోరాటమేనా మేడమ్?)

పోరాటంలో భాగమే నాయనా. ఒప్పా తప్పా అంటే, పాస్టరును కొట్టడం తప్పే. ఆ పని చేయకుండా ఉంటే కూడా ఓటు వచ్చేది. పోస్టు డబ్బా సంగతిలో నాకు ఇప్పటికీ తేలలేదు. అవి లేకపోతే పత్రికలు రాసేవా అంటే రాసేవి కావు. అవి ఉన్నందువల్లే ఓటుకు ఒప్పుకున్న మంత్రులు కొందరు వెనక్కి తగ్గారు కూడా. నువ్వు నిక్కచ్చిగా ఒక జవాబు అడుగుతున్నావు, నా దగ్గర ఒకటి లేదు.

(మరో విద్యార్థిని: ఆవిడ సమాధి ఎక్కడుంది మేడమ్?)

సొంత ప్రాంతంలో, మోర్పెత్ అనే ఊళ్ళో చర్చి ఆవరణలో. రాయి మీద వాళ్ళ నినాదం చెక్కారు. లండన్ నుంచి రైల్లో తీసుకెళ్ళి మర్నాడు పూడ్చారు.

ఇంకా? ఆ మూలన ఎవరో చెయ్యి ఎత్తారు. మైకు అందించండి.

(విద్యార్థి: గుర్రానికేమైంది మేడమ్?)

(నవ్వులు) చూశారా, అందరికీ ఆ అనుమానం ఉంది, అడగడానికి ఒక్కడికే ధైర్యం వచ్చింది. గుర్రానికేం కాలేదయ్యా. లేచి, ఒళ్ళు దులుపుకుని, వీపు మీద జాకీ లేకుండానే మిగతా గుర్రాల వెంట పరిగెత్తి పందెం పూర్తిచేసింది.